కాంతం ఆంటీకి నేను ఎగ్గొట్టిన గంట

కెనడాలోని ఏజాక్స్ అనే ఊళ్ళో మా వీధి చివర ఒక బడి ఉంది. బడికీ మా వీధికీ మధ్య ఒక రోడ్డు ఉంది. ఆ రోడ్డుకు యజమానురాలు కాంతం ఆంటీ.

కాగితాల మీద అలా లేదు లెండి. కాగితాల మీద ఆవిడ బడిపిల్లలను రోడ్డు దాటించే క్రాసింగ్ గార్డ్. పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిదీ ముప్పై అయిదు దాకా, మళ్ళీ మధ్యాహ్నం బడి వదిలే వేళకు ఆవిడ డ్యూటీ. చీర మీద స్వెటరు, స్వెటరు మీద కోటు, కోటు మీద నారింజ రంగు వెస్టు, కాళ్ళకు మోకాళ్ళ దాకా మంచు బూట్లు, చేతిలో ఎర్రటి స్టాప్ బోర్డు. మనిషి అయిదడుగులు కూడా ఉండదు. కానీ ఆ బోర్డు ఎత్తి రోడ్డు మధ్యలోకి నడిచిందంటే పెద్ద ట్రక్కు కూడా కుక్కపిల్లలా కూర్చుంటుంది. తొందరపడి హారన్ కొట్టినవాడిని చూసే చూపు ఒకటుంది ఆవిడ దగ్గర. ఆ చూపుకు వాళ్ళ ఊరు తెనాలి మార్కెట్లో ఎంతమంది కూరగాయలు ఊరికే ఇచ్చేసి ఉంటారో అనుకుంటాను.

వయసు అరవై ఏడు. భర్త ఆంజనేయప్రసాద్ గారు పోయి పదేళ్ళయింది. పిల్లలు లేరు. ఆయన పోయాక ఏడాది పాటు ఇంట్లోంచి కదల్లేదట. ఒకరోజు పాలకోసం వెళ్తూ బడి గేటుకు అంటించిన కాగితం చూసింది, గార్డ్ కావాలని. "ఆ వీధి మూల దొరక్కపోతే నేను ఆ సోఫాలోనే కూరుకుపోయేదాన్నిరా అబ్బాయ్. సోఫాతో పాటు బయట పెట్టేవాళ్ళు చెత్తబండికి" అని నవ్వుతూ చెప్పేది. తొమ్మిదేళ్ళలో ఒక్క పూట మానలేదు, ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. గార్డులను పెట్టే కాంట్రాక్టు కంపెనీ వాళ్ళకు ఒక నియమం ఉంది. ముందుగా చెప్పకుండా ఒక్క పూట రాకపోయినా ఆ మూల మనది కాదు. ఈ నియమాన్ని ఆవిడ భయంతో కాదు, గర్వంతో చెప్పేది.

నేను ఆవిడ బేస్‌మెంటులో అద్దెకుంటాను. పేరు విష్ణు, ఊరు జనగామ. కాలేజీలో చదివేది సప్లై చైన్, అంటే సరుకుల రవాణా చదువు. నేర్చుకున్నది మాత్రం ఫోన్లో, ఎవరూ చెప్పకుండా. ఫొటోలు మార్చడం, గొంతులు మార్చడం, ఎవరి ఫోను ఇచ్చినా రెండు నిమిషాల్లో దాన్ని ఆడించడం. ఈ విద్యలన్నీ మొదట కాంతం ఆంటీ మీదే ప్రయోగించాను. ఒకసారి ఆవిడ రింగ్‌టోన్ తీసేసి కుక్కర్ విజిల్ పెట్టాను. ఫోను మోగినప్పుడల్లా వెళ్ళి స్టవ్ కట్టేసేది. ఇంకోసారి ఫ్రిజ్‌లో ఉన్న గుత్తివంకాయలన్నిటికీ ప్లాస్టిక్ కళ్ళు అతికించాను.  ఆవిడ కూర వండింది, ఆ కళ్ళు కడిగి నా అన్నంలో కలిపింది.

"ఏరా, నీ కూర నిన్నే చూస్తోందే!" అంది.

అంటే ఆవిడ కూడా తక్కువది కాదు. మా ఇద్దరికీ అదొక ఆట. ఆటలో హద్దు ఎక్కడుందో తెలుసనుకున్నాను.

ఇక గడియారాల సంగతి. ఇక్కడ మార్చిలో ఒక ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబరులో గంట వెనక్కి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇదొక వింత. పాతవాళ్ళకు ఏటా రెండు తలనొప్పులు. ఫోన్లు వాటంతట అవే మారతాయి. అవెన్, మైక్రోవేవ్, గోడ గడియారం, కారు మాత్రం ఎవరో ఒకరు మార్చాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేను. కారు గడియారం మాత్రం ఎవరికీ లొంగదు. అది సగం సంవత్సరం తప్పు, సగం సంవత్సరం ఒప్పు.

ఆంటీ గొడవ వేరే. పూజగదిలో ఒక చిన్న గడియారం ఉంటుంది. దాన్ని మార్చనివ్వదు. రాహుకాలం, యమగండం సూర్యుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి, దేవుడి గడియారం ఏడాదంతా చలికాలం టైములోనే నడవాలి. "గవర్నమెంటు గడియారానికి చెప్పగలదు గానీ సూర్యుడికి చెప్పలేదుగా" అనేది ఆవిడ వాదన. దాంతో మార్చి నుంచి నవంబరు దాకా ఆ ఇంట్లో రెండు టైములు. "దేవుడి ఆరున్నరకి దీపం పెట్టి, మనుషుల ఏడున్నరకి ఇడ్లీ తినాలి" అని లెక్క వేసుకునేది. తెనాలిలో ఉన్న చెల్లెలు హైమావతి గారికి ఫోన్ చేయాలంటే చలికాలం పదిన్నర గంటల తేడా, ఎండాకాలం తొమ్మిదిన్నర. ఏటా రెండు మూడు సార్లు తప్పు లెక్క వేసి, భోజనం చేస్తున్న చెల్లెలిని లేపేది, లేదా నిద్రపోతున్న చెల్లెలిని భోజనానికి పిలిచేది.

"ఈ మార్చేది ఎవడోగానీ వాడికి పెళ్ళాం లేదురా. ఉంటే ఒక్క ఏడాదిలో మానిపించేది" అనేది.

మా ఒంటారియో రాష్ట్రంలో ఈ మార్పు ఆపడానికి ఎప్పుడో చట్టం చేసి పెట్టారు. పక్కనున్న క్యూబెక్, న్యూయార్క్ కూడా సరే అంటేగానీ అమలు చేయరట. అందుకని ప్రతి మార్చిలోనూ "ఈసారితో సరి" అనే పుకారు ఒకటి తిరుగుతుంది. ఆ పుకారే నాకు ఐడియా ఇచ్చింది.

ఆ శనివారం సాయంత్రం కూర్చుని ఒక ప్రకటన తయారుచేశాను. పైన మేపుల్ ఆకు, కింద ముద్ర, ముద్ర పక్కన సంతకం. ఆ సంతకం మా తాతది, రేషన్ కార్డు ఫొటోలోంచి కత్తిరించింది. మధ్యలో తెలుగులో రాశాను, 'ప్రవాస భారతీయుల సౌకర్యార్థం' అనే ముక్కతో సహా. ఈ ఏడాది నుంచి గడియారాల మార్పు రద్దు, ఉన్న టైమే ఇక శాశ్వతం అని. నా పక్క మంచం ప్రజ్వల్‌ది. నిజామాబాద్ వాడు, నా క్లాస్‌మేటు. చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అరె భయ్, కెనడా గవర్నమెంటోడు తెలుగుల ఎందుకు రాస్తడ్రా? ఎవ్వరు నమ్మరు."

"ఆంటీ నమ్ముతది. బెట్."

ఆవిడ ఒక్కదానికే పంపాను. మరి ఆదివారం పొద్దున ఫోను దానంతట అదే మారిపోతుంది కదా, అప్పుడు జోకు అయిపోతుంది. అందుకని "ఆంటీ, మీ ఫోన్ల అప్‌డేట్ చెయ్యాలె" అని తీసుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళి, టైము దానంతట అదే మారకుండా ఆపి, ఊరు బొగోటా అని పెట్టాను. అది ఎక్కడో కొలంబియాలో ఉంది. అక్కడ గడియారాలు మార్చరు. మా ఇంటి చలికాలం టైమూ వాళ్ళ టైమూ ఒకటే. ఇంట్లో మిగతా గడియారాలు మార్చేది ఎలాగూ నేనే, వాటిని ముట్టుకోలేదు. అలా కాంతం ఆంటీ ఫోను ఆ రాత్రి మమ్మల్ని వదిలి దక్షిణ అమెరికా వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేద్దామని నా ప్లాను. ఆవిడ గరిటె తీసుకుని వెంటపడుతుంది, నేను పరిగెత్తుతాను, అంతే.

ఆదివారం పొద్దున గడ్డకట్టే వాన పడింది. మెట్లమీద అద్దంలా ఐసు. ఆంటీ గుడికి వెళ్ళలేదు, ఎవరూ ఇంటికి రాలేదు. భోజనానికి పైకి వెళ్తే ఇల్లంతా నెయ్యి వాసన. పూజగదిలో రెండు దీపాలు. టేబుల్ మీద పరమాన్నం, పులిహోర, గారెలు.

"ఏంది ఆంటీ, ఏం పండుగ?"

"పండగేరా! మెసేజ్ నువ్వేగా పంపింది. చదివి పొద్దున్నుంచి మూడుసార్లు ఏడ్చాను." ఆవిడ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పెళ్ళయి వచ్చాక ఆయనతో నా మొదటి దెబ్బలాట ఈ గడియారం మీదే. నేను దేవుడి టైము మార్చనంటే, ఆయన ఒకే ఇంట్లో రెండు టైములేమిటే అనేవారు. పోయేదాకా అదే మాట. 'కాంతం, ఎప్పటికైనా నీ టైమూ నా టైమూ కలుస్తాయా?' అని ఆటపట్టించేవారు. ఇవాళ దీపం పెట్టి చెప్పానురా. కలిశాయండీ అని."

నా నోట్లో గారె ఉంది. అది లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

అప్పుడు చెప్పాలి. ఈ కథంతా రాస్తున్నది ఆ ఒక్క నిమిషం కోసమే. అప్పుడు నోరు తెరిచి ఉంటే గరిటె దెబ్బతో పోయేది. నేను తల దించుకుని పరమాన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

తర్వాత ఆవిడ హైమావతి గారికి ఫోన్ చేసింది. నేను కంచాలు కడుగుతూ విన్నాను.

"అవునే, తీసేశారుట! ఇహ మన మధ్య ఎప్పుడూ పదిన్నర గంటలే. వేళ్ళు లెక్కపెట్టుకోనక్కర్లేదు... ఆఁ, మన విష్ణుగాడే చెప్పాడు. ఉంటాడే, కింద... వాడా? కోతి. కానీ మంచి కోతి."

కిందికి రాగానే ప్రజ్వల్ అడిగాడు, "చెప్పినవా?"

"ఇయ్యాల గాదు. దీపాలు పెట్టింది రా."

"అరె, ఇగ చాలు భయ్. రేపు పొద్దుగాల డ్యూటీ ఉంటది ఆమెకు. చెప్పు."

"పొద్దుగాల ఆరింటికి లేచి చెప్త."

సాయంత్రం నా గోడౌన్ షిఫ్టుకు పోయాను. వచ్చేసరికి ఆవిడ పడుకుంది. ఆరింటికి అలారం పెట్టుకున్నాను. అయితే ఆ ఆరు, నా ఒంటికి ఇంకా అయిదు. పోయిన గంట ఎక్కడికి పోతుందో అప్పుడు తెలిసింది. మన నిద్రలోంచే పోతుంది. అలారం మోగిందట, నేనే ఆపేశానట, నిద్రమత్తులో విన్న ప్రజ్వల్ తర్వాత చెప్పాడు. నేను కళ్ళు తెరిచేసరికి ఎనిమిదీ ఇరవై ఏడు.

పైన ఆంటీ కూనిరాగం తీస్తోంది. గిన్నెలో పాలు పొంగుతున్న చప్పుడు. ఆవిడకు ఇంకా ఏడూ ఇరవై ఏడు.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. ఆవిడ కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు కడుతోంది.

"లేచావా? కాఫీ కలుపుకో" అంది.

"ఆంటీ, టైం మారింది. ఎనిమిదిన్నర అయింది. ఆ మెసేజ్... తప్పంట."

చూడండి, ఏమన్నానో. 'తప్పంట' అన్నాను. ఎవరో చేసిన తప్పు, గాలిలోంచి వచ్చినట్టు.

ఆవిడ నా ముఖం వైపు రెండు క్షణాలు చూసింది. ఇంకో బూటు లేసు కట్టుకోలేదు. అలాగే లేచి బోర్డు తీసుకుంది. అద్దాల మీద గడ్డకట్టిన ఐసు గోకి కారు తీశాను. ఐసు మీద మెల్లగా పోతే మూడు నిమిషాల దారి. ఆ మూడు నిమిషాలూ ఆవిడ ఒక్కటే మాట అంటోంది, "స్వీటీ. స్వీటీ. స్వీటీ."

స్వీటీ రెండో క్లాసు పిల్ల. తల్లి తేజశ్రీ డౌన్‌టౌన్‌లో పనిచేస్తుంది. తండ్రికి దూరంగా కిచెనర్ అనే ఊళ్ళో ఉద్యోగం, శుక్రవారాలు వస్తాడు. తల్లి రైలుకు బయలుదేరుతూ, ఆంటీ ఎలాగూ ఉంటుందనే ధీమాతో, పిల్లను మూల దాకా వదిలి వెళ్తుంది. అక్కడి నుంచి బాధ్యత ఆంటీది. కిందటి సెప్టెంబరులో ఆ పిల్ల ఒక కారు కింద పడబోయి తప్పించుకుంది. అప్పటి నుంచి రోడ్డంటే వణుకు. ఆంటీ రెండు నెలలు కష్టపడి ఒక్క సూత్రం నేర్పింది. నా చెయ్యి లేచేదాకా నీ కాళ్ళు నేలకు అతుక్కుపోవాలి. ఎవరు పిలిచినా, ఎవరు లాగినా.

మేము వెళ్ళేసరికి బడి గంట కొట్టేశారు. వీధిలో ఎవరూ లేరు. పాదచారుల గీతల ముందు, ఫుట్‌పాత్ అంచున, గులాబీ రంగు కోటు ఒక్కటే నిలబడి ఉంది. మైనస్ తొమ్మిది. ఒక చేతికి గ్లవ్ లేదు, గాలికి ఎగిరి రోడ్డు మీద పడింది. దాన్ని తీసుకోవడానికి కూడా దిగలేదు. మిగతా పిల్లలు వాళ్ళ అమ్మానాన్నల చేతులు పట్టుకుని దాటేశారు. ఎవరో ఒకావిడ పిలిచిందట, రాలేదట. ఆవిడ గార్డు రాలేదని మాత్రం బడికి ఫోన్ చేసి వెళ్ళిపోయింది. ఎనిమిదీ అయిదు నుంచి ఎనిమిదీ నలభై దాకా ఆ పిల్ల కదలకుండా నిలబడింది.

ఆంటీ కారు ఆగకముందే దిగింది. ఆ పిల్ల రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుంది. చలి కొరికి వేళ్ళ కొసలు తెల్లబడి ఉన్నాయి.  ఆంటీ బోర్డు ఎత్తింది. ఖాళీ రోడ్డు. ఒక్క కారు కూడా లేదు. అయినా బోర్డు ఎత్తి, మధ్యలో నిలబడి, చెయ్యి ఊపింది. అప్పుడు నడిచింది స్వీటీ.

అటు ఒడ్డున, బడివాళ్ళు చెబితే వచ్చిన గార్డుల సూపర్‌వైజరు కారు దిగుతోంది.

ఆవిడ మర్యాదగల మనిషి. ఏం జరిగిందని మెల్లగా అడిగింది. కాంతం ఆంటీ తన ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పింది, "మై మిస్టేక్. ఐ కేమ్ లేట్." నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. కిటికీ అద్దం దించి ఉంది. అంతా వినబడింది. దిగలేదు.

ఆ మధ్యాహ్నం నుంచే ఆవిడను రావద్దన్నారు. గురువారం వచ్చి నిర్ణయం చెప్తామన్నారు.

సోమవారం సాయంత్రం, మంగళవారం అంతా ఆవిడ సోఫాలో కూర్చుంది. టీవీ పెట్టలేదు. మధ్యాహ్నం బడి వదిలే వేళకు లేచి, బూట్లు తొడుక్కుని, మళ్ళీ విప్పి, కూర్చుంది. నేను చారు పెట్టి తీసుకెళ్ళాను. "బాగుందిరా" అంది, తాగలేదు. ఒకసారి అడిగింది, "ఆ మెసేజ్ నీకెవరు పంపారురా? వాళ్ళు కూడా ఇలాగే మోసపోయుంటారు పాపం. చెప్పు వాళ్ళకి."

ఇలాంటి మాట తిట్టుకంటే ఎక్కువ తగులుతుంది.

బుధవారం కాలేజీ నుంచి తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. ఆకు, ముద్ర, తాత సంతకం, బొగోటా, గారె, అన్నీ. ప్రజ్వల్ ముందే చెప్పమన్నాడని కూడా. ఆవిడ వింటోంది.  నేను ఎదురుచూసింది ఏడుపో, చెంపదెబ్బో.

"ఈ ఫోను పట్టుకోండి" అంది. తన ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "దీన్ని మన ఊరికి తీసుకురండి."

'పట్టుకోండి' అంది. 'తీసుకురండి' అంది. ఒరే పోయింది, కోతి పోయింది. నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. టైము సరిచేసి ఇచ్చాను.

"థాంక్స్ విష్ణు గారూ."

మా అమ్మ కోపం వస్తే కంచం విసురుతుంది. అది మేలు. కంచం వంగుతుంది, దొర్లిపోతుంది, అరగంటలో అన్నం తింటాం. ఈ 'గారు' వంగదు, దొర్లదు. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను అలాగే పిలుస్తోంది. ప్రజ్వల్‌ని మాత్రం "ఒరే" అంటోంది. వాడు సిగ్గుపడుతూ పలుకుతున్నాడు.

ఆ సాయంత్రం నన్ను తేజశ్రీ ఇంటికి తీసుకెళ్ళింది. స్వీటీ జ్వరంతో లోపల పడుకుని ఉంది. తేజశ్రీ తలుపు సగమే తెరిచింది.

"ఈయన మీతో మాట్లాడాలిట" అంది ఆంటీ.

చెప్పాను. తేజశ్రీ నన్ను కింది నుంచి పైకి చూసింది.

"జోకా? ముప్పై అయిదు నిమిషాలు! నీకు చెల్లెళ్ళున్నారా?"

"ఉంది అక్కా."

"అక్కా అనకు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "నేను రైల్లో ఉన్నా. బడి వాళ్ళు ఫోన్ చేసి 'మీ అమ్మాయి రాలేదు' అన్నారు. రైలు ఆగదు, దిగలేను. నాకేం కనిపించిందో తెలుసా నీకు? తెలుసా?" తర్వాత ఆంటీ వైపు తిరిగింది. "మీరైనా ఎలా నమ్మారు ఆంటీ?"

ఆంటీ తల వంచుకుంది. "సంతోషం కలిగించే మాట కదమ్మా. తొందరగా నమ్మేశాను."

తలుపు మూసుకుంది. 

ఇంటికి రాగానే సూపర్‌వైజరుకు ఈమెయిల్ రాశాను, ప్రకటన ఫొటో జతచేసి, నా పేరు, కాలేజీ పేరు, ఫోన్ నంబరుతో. నేను ఇంగ్లీషులో అంత శ్రద్ధగా రాసింది వీసా ఫారం తర్వాత అదే. గురువారం ఆ సూపర్‌వైజరు మా వంటింట్లో కూర్చుని టీ తాగుతూ చెప్పింది. ఈమెయిల్ చదివానంది. కాంతం గారి తొమ్మిదేళ్ళ రికార్డు కూడా చదివానంది. ఉద్యోగం తీసేయడం లేదు. కానీ గార్డు రాకపోవడం వల్ల ఒక పిల్లకు చలిదెబ్బ తగిలింది కాబట్టి ఆ మూలలో మళ్ళీ పెట్టడం కుదరదు. ఏప్రిల్ నుంచి ఊరికి అటు చివర ఇంకో మూల ఇస్తారు.

"షి డిడ్ నథింగ్. ఇట్ వాజ్ మీ" అన్నాను.

"నాకు తెలుసు బాబూ. కానీ నాకు జవాబు చెప్పాల్సింది గార్డు. గడియారం ఎవరు తప్పుపెట్టినా టైముకు రావాల్సింది గార్డే" అనే అర్థం వచ్చేట్టు ఆవిడ ఇంగ్లీషులో ఏదో అంది. కప్పు సింకులో పెట్టింది.

కాంతం ఆంటీ అడిగింది ఒక్కటే. "నా పిల్లలకి ఎవరు?"

కొత్త గార్డు వచ్చేశాడు, మంచివాడు, రిటైరైన పెద్దాయన అని చెప్పి సూపర్‌వైజరు వెళ్ళిపోయింది.

మధ్యలో వారం రోజులు మార్చి బ్రేక్. సెలవులు అయిపోయి బడి తెరిచిన సోమవారం, ఎనిమిదీ పది అయింది. నేను కాలేజీకి బయలుదేరుతుంటే పైన ఆంటీ ఫోను మోగింది. ఆవిడ నన్ను పిలిచింది.

"విష్ణు గారూ, కారు తీస్తారా? తేజశ్రీ ఫోన్ చేసింది. పిల్ల కదలట్లేదట."

మూలకు వెళ్ళాం. సింగ్ గారు అనే పొడవాటి పంజాబీ పెద్దాయన, నీలం తలపాగా, ఆంటీ వేసుకునే రంగు వెస్టే. రోడ్డు మధ్యలో బోర్డు ఎత్తి నిలబడి ఉన్నారు. రెండు వైపులా కార్లు ఆగి ఉన్నాయి. "కమ్ బేటా, కమ్" అని పిలుస్తున్నారు. ఈవైపు స్వీటీ బూట్లు నేలలో నాటినట్టు నిలబడి ఉంది. పక్కన తేజశ్రీ, రైలు తప్పిపోయిన ముఖంతో. నన్ను చూసి చూపు తిప్పుకుంది. ఆంటీని చూసి మాత్రం, "నా చెయ్యి పట్టుకుని కూడా రానంటోంది ఆంటీ" అంది.

ఆంటీ దగ్గర వెస్టు లేదు, బోర్డు లేదు. ఇంట్లో కట్టుకునే చీర, పైన శాలువా. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏమ్మా, తాతయ్య పిలుస్తున్నారుగా."

"యూ సెడ్ వెయిట్ ఫర్ యువర్ హ్యాండ్" అంది స్వీటీ. ఫిర్యాదుగా కాదు, పాఠం ఒప్పజెప్పినట్టు. "లాస్ట్ టైమ్ ఆల్సో ఐ వెయిటెడ్. ఐ డిడ్ ఇట్ రైట్."

"రైట్‌గానే చేశావు తల్లీ. తప్పు నీది కాదు. ఇప్పుడు విను. ఈ తాతయ్య చెయ్యి నా చెయ్యే. నేను చూశాను, మంచి చెయ్యి. ఆయన పిలిస్తే నేను పిలిచినట్టే."

"బట్ యూ ఆర్ హియర్."

"ఇవాళ ఒక్కరోజే. వచ్చే నెల నుంచి వేరే రోడ్డు. అక్కడా పిల్లలున్నారు."

స్వీటీ ఆలోచించింది. "డిడ్ యూ డూ సమ్‌థింగ్ బ్యాడ్?"

ఆంటీ నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో నాకు తెలుసు. మై మిస్టేక్ అనబోయింది. నేను రెండడుగులు ముందుకు వేశాను.

"నో స్వీటీ. ఆంటీ ఏం చెయ్యలేదు. నేను చేసిన. ఐ డిడ్ ద బ్యాడ్ థింగ్. ఆంటీ క్లాక్ నేనే తప్పు పెట్టిన, జోక్ అనుకోని."

ఆ పిల్ల నన్ను చూసింది. కోపం లేదు ముఖంలో. లెక్క తేలని ముఖం.

"దెన్ వై ఈజ్ షి గోయింగ్?"

తేజశ్రీ రోడ్డు వైపు చూసింది. ఆంటీ శాలువా సర్దుకుంది. ఆగిన కార్లలో ఎవరో ఇంజను బుర్రుమనిపించారు.  

"వెళ్ళమ్మా" అంది ఆంటీ. "తాతయ్యకి చేతులు నొప్పెడతాయి."

స్వీటీ ఒక అడుగు కిందికి దిగింది. ఇంకో అడుగు. సింగ్ గారు బోర్డు ఇంకొంచెం ఎత్తారు. గులాబీ కోటు ఆయన పక్కనుంచి దాటి, అటు ఒడ్డు ఎక్కి, బడి గేటులోకి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

తేజశ్రీ కళ్ళు తుడుచుకుంటూ, "బై కూడా చెప్పలేదు ఆంటీ" అంది.

"చెప్పకూడదు. రోడ్డు దాటేటప్పుడు వెనక్కి చూడకూడదని నేనే చెప్పాను" అంది కాంతం ఆంటీ. మోకాళ్ళ మీద నుంచి లేవలేక నేల మీద చెయ్యి ఆనించింది. నేను చెయ్యి అందించాను. ఆవిడ దాన్ని చూసింది, పక్కనున్న స్తంభం పట్టుకుని తనంతట తనే లేచింది.